తెర్నోపిల్ చెరువు ఆయకట్టు

సర్వేయరు మహానంది రిటైరై కర్నూలులో స్థిరపడి ఆరేళ్ళయినా కొలవడం మాత్రం మానలేదు. ముప్పై నాలుగేళ్ళు గొలుసు పట్టుకుని కర్నూలు, కడప జిల్లాల చేనుగట్లన్నీ తొక్కిన మనిషి. ఆయన పాతించిన హద్దురాయిని తర్వాత వచ్చిన ఏ సర్వేయరూ అంగుళం జరపలేదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. రిటైరయ్యాక చేతిలోంచి గొలుసు పోయి కంప్యూటరు వచ్చింది. ఇంటర్నెట్టులో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుందనీ, అందులో ఎవరైనా రాయొచ్చనీ, ఎవరు రాసిందైనా ఎవరైనా దిద్దొచ్చనీ తెలిసిన రోజున ఆయనకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. పొద్దున కాఫీ తాగి కూర్చుంటే, మధ్యాహ్నం భార్య లక్ష్మీదేవమ్మ కంచం తెచ్చి ముందు పెట్టి అరిచేదాకా లేచేవాడు కాదు. అలా కూర్చుని నాలుగు వందల పల్లెల పేజీలు దిద్దాడు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, ఏ వాగు ఏ దిక్కుకు పారుతుంది, ఏ చెరువు కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయి, అన్నీ లెక్కతో సహా.

ఆయనకో నియమం ఉంది. ఊరి పేరు ఊరివాళ్ళ నోట వినందే రాయడు. పుట్టింది కడపలో. దొరలు ఇంగ్లీషులో రెండక్షరాలు ఎక్కువ కూరి కడపను ‘కడ్డపా’ చేసిపోతే, వాళ్ళు ఓడెక్కిన యాభై ఏళ్ళ దాకా మనమూ అదే రాసుకున్నాం కదా అని ఆయనకు ఇప్పటికీ కడుపుమంట. “నోరు తిరగనోడు పలికింది ఊరి పేరు ఎట్లైతాది?” అంటాడు. ఇంకో నియమం కూడా ఉంది. తాను చూడందీ, చూసినవాళ్ళు చెప్పందీ కాగితం మీద పెట్టడు. ఈ రెండో నియమం దగ్గరే ఆయన కాలు జారింది. ఆ ముచ్చట చెప్పడానికే ఇదంతా.

జనవరి నెలాఖరులో ఒకరోజు పక్కింటి నబీసా వచ్చింది. ఆమె ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని వీధి వీధంతటికీ జాకెట్లు కుడుతుంది. భర్త వలి సాహెబ్ బండల లారీ నడుపుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. మెడలో కొలతల టేపు అట్లాగే వేలాడేసుకుని వచ్చిందంటే పని మధ్యలో లేచి వచ్చిందన్నమాట.

“అన్నా, నువ్వు ఊర్ల సంగతి రాస్తాంటావు గదా. నాకొక ఊరు రాసియ్యాల,” అంది.

“ఏ ఊరమ్మా?”

“నా బిడ్డ చదివిన ఊరు.”

ఆమె కూతురు షబీనా యుక్రెయిన్‌లో డాక్టరు చదువుకు పోయిన సంగతి వీధిలో తెలియనిదెవరికి? యుద్ధం మొదలైన ఫిబ్రవరిలో ఆ పిల్ల అక్కడే ఉంది. ఎలాగో తిరిగొచ్చి, మిగిలిన చదువు ముగించి, పరీక్ష గట్టెక్కి, ఇప్పుడు కర్నూలులోనే ఒక ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేస్తోంది. ఆ యుద్ధం రోజుల్లో వీధి మొత్తం నబీసా గుమ్మంలోనే ఉండేది. మహానంది కూడా పోయి కూర్చున్నాడు. అయితే నబీసా ఇప్పుడు చెప్పిన మాట మాత్రం ఆయన ఎప్పుడూ వినలేదు.

“ఆరు దినాలన్నా. ఫోను కలిస్తే కలిసె, లేకుంటే లేదు. బిడ్డ యాడుండాదో చూద్దామని ఫోన్లో ఆ ఊరి పేరు కొట్టి తెలుగులో చూస్తి. నాలుగే వరసలు. పైన సముద్రం బొమ్మ, అంతంత పెద్ద ఓడలు. ఓహో, సముద్రం పక్కనే ఉండాదే, ఏదో ఒక ఓడెక్కి వచ్చేస్తాదిలే అనుకుంటి. ఆరు దినాలూ ఆ ఓడల్నే చూస్తా దువా చేస్తి. బిడ్డ ఇల్లు చేరినాక చెప్తే, అమ్మా, మా ఊరికి సముద్రమే లేదే, ఎవరో వేరే ఊరి బొమ్మ పెట్టినారు అనె.” నబీసా నవ్వుతూనే చెప్పింది గానీ కొంగు మాత్రం కంటి దగ్గరికి పోయింది. “ఆ ఊర్లో హలీనా అని ఒకామె, జాగ్రఫీ టీచరు. నా బిడ్డతో పాటు నలుగురు ఆడపిల్లోల్లను ఇంట్లో పెట్టుకోని, వండి పెట్టి, బస్సెక్కించి, సంచుల్లో రొట్టెలు కుక్కి పంపింది. వచ్చే నెల ఇరవై మూడో తేదీకి ఆమెకు డెబ్బై నిండుతాయంట. ఏం పంపమంటావమ్మా అంటే, నాకేమీ వద్దు, నా ఊరిని మీ అక్షరాల్లో సరిగ్గా రాయించండి చాలు అనెనంట. ఆమె నా బిడ్డను నాకు తిరిగిచ్చిందన్నా. నేనియ్యగలిగింది ఇదొక్కటే. ఒక్క తప్పు కూడా ఉండగూడదు.”

మహానంది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “ఒక్కటుంటే నా పేరు మార్చి పిలువు,” అన్నాడు.

అంత మాట అనకుండా ఉండాల్సింది. కానీ అనేశాడు.

ఆ పేజీ తీసి చూశాడు. ఎవరో ఏ యంత్రంతోనో తెలుగు చేయించి పారేసినట్టుంది. ‘టర్నోపోల్ ఒక నగరం. అది సెరెట్ నది మీద కూర్చుంది. అది ప్రజలను కలిగి ఉంది.’ పైన ఓడలు. “ఊరు నది మీద కూచుంటాదంటప్పా! కూచోని ఏం చేస్తాదంట, చేపలు పడ్తాదా?” అని ఒంటరిగా గదిలో అరిచాడు. వంటింట్లోంచి లక్ష్మీదేవమ్మ ఎవరితో మాట్లాడుతున్నాడో చూసి పోయింది.

మొదట పేరు. ఆదివారం షబీనాను కూర్చోబెట్టుకుని హలీనాకు వీడియో కాల్ చేయించాడు. నెరిసిన జుట్టు గట్టిగా వెనక్కి దువ్వుకుని, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, అచ్చం పరీక్ష హాల్లో టీచరమ్మలాగే ఉంది. ఊరి పేరు చెప్పమంటే చెప్పింది. ఇంకోసారి అన్నాడు. మూడోసారి కూడా అన్నాడు. ‘ట’ కాదు, నాలుక పళ్ళకు తగులుతోంది, ‘త’. మధ్యలో ‘పోల్’ కాదు, ‘పిల్’. చివరి ‘ల్’ ఎంత మెత్తగా ఉందంటే తెలుగులో దానికి సరిపడే అక్షరమే లేదు, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. ‘తెర్నోపిల్’ అని పెద్దక్షరాలతో రాసి ఫోనుకు చూపించాడు. ఆమె ఆ అక్షరాలను చాలాసేపు చూసి, ఇందులో మూడో అక్షరం పిల్లిలా ముడుచుకు పడుకుంది అందట. తర్వాత ఆమె వంతు. “మీ ఊరి పేరు మూడుసార్లు చెప్పండి” అని షబీనా చేత అడిగించి, కర్నూలును తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఇలాంటి మనిషి తమ ఆఫీసులో ఒక్కరున్నా జిల్లా బాగుపడేదని మహానంది అనుకున్నాడు.

తర్వాత మూడు వారాలు షబీనా డ్యూటీ దిగి ఇంటికొస్తే చాలు, గేటు దగ్గరే పట్టుకునేవాడు. స్టేషను ఊరికి ఏ దిక్కు? కాలేజీకి ఎంత దూరం? నడిచా, బస్సా? ఆ పిల్ల నిద్రమొహంతోనే ఓపిగ్గా చెప్పేది. అక్కడ బజార్లో అచ్చం చుక్కకూర లాంటి పుల్లటి ఆకు దొరుకుతుందనీ, హలీనా దాంతో పులుసు కాస్తుందనీ, తాను పప్పులో వేసి వండితే ఆమె లొట్టలేసుకుని తిన్నదనీ కూడా చెప్పింది. అది పేజీలోకి రాదు గానీ మహానంది అదీ రాసుకున్నాడు.

ఒకరోజు షబీనా అంది: “ఊరి నడిమధ్యన పెద్ద చెరువుండాది మామా. నదికి అడ్డం కట్ట కట్టి చేసినారంట. ఊరు పుట్టినప్పుడే, పదహారో శతాబ్దంలో.”

మహానందికి ఒళ్ళు పులకరించింది. “కట్ట కట్టినారా? చెరువు కట్టి ఊరు పెట్టినారా? ఓయబ్బా, మనోళ్ళే!” రాయల కాలంలో ఈ రాళ్ళసీమలో రాజులు చెరువులు తవ్విస్తున్న రోజుల్లోనే, ఆ మంచుదేశంలోనూ ఎవరో మహానుభావుడు కట్ట పోయించాడన్నమాట. విస్తీర్ణం అడిగాడు. మూడు వందల హెక్టార్ల దాకా ఉంటుందని పుస్తకాల్లో ఉందంది. ఏడు వందల నలభై ఎకరాలు! అంత నీళ్ళు!

ఆ రాత్రికి రాత్రే కాదు గానీ, మర్నాడు పొద్దున కాఫీ కూడా తాగకుండా రాశాడు. ఎవరినీ అడగలేదు. చెరువు గురించి మహానందికి ఒకరు చెప్పాలా? ఆయన దగ్గర పాత నోటుపుస్తకం ఒకటుంది. సర్వీసులో కొలిచిన చెరువులన్నీ అందులో వరసగా రాసుకున్నాడు: చెరువు పేరు, ఆయకట్టు, పైరు. రెండు వందల పదకొండు చెరువులు. ఇంత నీరుంటే కింద ఇంత నేల తడుస్తుందని ఆయనకు చేతివేళ్ళ మీద లెక్క. చలిదేశం కాబట్టి వరి కాదు, గోధుమ అయ్యుంటుందని ఆలోచించి మరీ రాశాడు: ‘ఈ చెరువు కింద సుమారు పదిహేను వందల ఎకరాల్లో గోధుమ పండుతుంది.’

మధ్యాహ్నానికి ఆ వాక్యం చివర ‘ఆధారం కావాలి’ అని చిన్న అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. పెట్టింది చంద్ర అనే ఇంకో సభ్యుడు. ఎక్కడుంటాడో ఎవరో మహానందికి తెలియదు. కోపం మాత్రం వచ్చింది. ‘ఆయకట్టు లేని చెరువు ఎక్కడైనా ఉంటుందా? నీటి విలువ తెలిసినవాడు అడిగే ప్రశ్నేనా ఇది? ఆధారం ఇస్తాను, ఆగండి’ అని జవాబు రాసి, ఆ అక్షరాలు తీసేశాడు.

ఆధారం ఎలా ఇవ్వాలో ఆయనకు తెలిసిన దారి ఒకటే. పంచనామా. హద్దు తగాదా వచ్చినప్పుడు, ఆ నేల ఎరిగిన అయిదుగురిని పిలిపించి, ఉన్నది ఉన్నట్టు రాసి, వాళ్ళ చేత సంతకాలు పెట్టించడం. దాని మీద కోర్టులే నిలబడ్డాయి, కంప్యూటరు నిలబడదా?

లక్ష్మీదేవమ్మకు చెబితే నుదురు కొట్టుకుంది. “పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట నీలాంటోడు. యాడో ఉండే ఊరికి కర్నూల్లో పంచనామానా?”

“ఆ ఊర్లో అయిదారేండ్లు ఉండొచ్చినోళ్ళు మన చుట్టే ఉండారు. ఇంగేం కావల్ల?”

నిజమే, ఉన్నారు. షబీనాతో పాటు చదివినవాళ్ళు కర్నూలులో ఇద్దరు, ఆత్మకూరులో ఒకరు, కడపలో శ్రీకాంత్ అని ఒకడు. అందరూ డాక్టర్లే. ఫిబ్రవరి రెండో ఆదివారం పొద్దున అందరూ మహానంది ఇంట్లో దిగారు. అయిదుగురూ కలిసి చాలా కాలమైందేమో, గుమ్మం దగ్గరే ఒకరి మీద ఒకరు పడి కేకలు. లక్ష్మీదేవమ్మ సణుక్కుంటూనే పెద్ద గిన్నెడు బొరుగుల ఉగ్గాని కలిపి, మిరపకాయ బజ్జీలు వేసింది. మహానంది పది పేజీల పంచనామా చేతబట్టుకుని ‘తెర్నోపిల్ నగరము, దాని హద్దులు, నీటి వనరులు’ అని మొదలుపెట్టాడు. మొదటి పేజీ విన్నారు. రెండో పేజీలో రెండో రౌండు బజ్జీలు వచ్చాయి. శ్రీకాంత్ బస్సు తప్పిన కథ ఎత్తుకున్నాడు. ఇక ఎవరు వింటారు?

“మామా, నువ్వు రాసినావంటే తప్పుంటాదా? యాడ పెట్టాల సంతకం, చెప్పు,” అన్నాడు శ్రీకాంత్, బజ్జీ నూనె ప్యాంటుకు తుడుచుకుంటూ. అయిదుగురూ పెట్టేశారు. షబీనా కూడా పెట్టింది. ఆ పిల్ల రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, కళ్ళు మూతలు పడుతున్నాయి.

చదవకుండా సంతకం పెట్టే పంచులను మహానంది ఎన్ని వందల మందిని చూడలేదు! ఎన్నిసార్లు తానే “ఈడ పెట్టప్పా, పొద్దు పోతాంది” అని తొందరపెట్టలేదు! అయినా ఆ ఆదివారం అది ఆయన బుర్రకు తట్టలేదు. నూనె మరకల పంచనామాను భద్రంగా ఫైల్లో పెట్టి, పేజీలో ఆ వాక్యం చివర ‘ఆధారం: పంచనామా, అయిదుగురు సాక్షులు’ అని రాసి, హాయిగా నిద్రపోయాడు.

ఇరవై మూడో తేదీ కూడా ఆదివారమే. మధ్యాహ్నం నబీసా కుట్టుమిషనును గోడకు జరిపి, దాని మీదే ఫోను నిలబెట్టింది. సేమ్యా పాయసం చేసింది. లక్ష్మీదేవమ్మ కొత్త చీర కట్టుకొచ్చింది. అవతల హలీనా మెడలో పూసలదండ వేసుకుని, పక్కింటావిడనూ పిలిచి కూర్చోబెట్టుకుంది. వాళ్ళ ఊర్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి త్వరగా మొదలుపెట్టమంది. నబీసా ఫోనుకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ జోడించి, “అమ్మా, నీ ఊరు మా అక్షరాల్లో” అంది.

షబీనా చదవడం మొదలుపెట్టింది. ఒక వాక్యం తెలుగులో చదివి, ఆ వెంటే వాళ్ళ భాషలో చెబుతోంది. ఊరి పేరు వినగానే హలీనా రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. నది, స్టేషను, కాలేజీ, వీధులు, అన్నీ సరిపోతున్నాయి. టీచరు కదా, ఒక్కోదానికీ తల ఊపి వేలు మడుస్తోంది. మహానంది మీసం సర్దుకున్నాడు. నబీసా మొహం వెలిగిపోతోంది.

చెరువు దగ్గరికి వచ్చేసరికి షబీనా ఆగింది. కళ్ళు పెద్దవి చేసి ఒకసారి ఫోను వైపు, ఒకసారి మహానంది వైపు చూసింది.

“ఏం పాపా, ఆపినావు? చదువు,” అన్నాడాయన.

“మామా… ఇదెవరు చెప్పినారు నీకు?”

“చదువమ్మా ముందు!”

చదివింది. తర్వాత నెమ్మదిగా వాళ్ళ భాషలో చెప్పింది. అవతల హలీనా కళ్ళజోడు తీసి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది. ఆ తర్వాత హలీనా నోరు తెరిచి నవ్విన నవ్వుకు ఫోను మిషను మీది నుంచి జారి కింద పడినంత పనైంది. పక్కింటావిడ బల్ల మీద తల పెట్టేసి నవ్వుతోంది. హలీనా ఏదో చెప్పబోయి, చెప్పలేక, పూసలదండ పట్టుకుని ఊగిపోతోంది.

“ఆ చెరువు కింద సాగు లేదు మామా,” అంది షబీనా, తాను నవ్వు ఆపుకుంటూ. “పడవల్లో తిరుగుతారు. చేపలు పడ్తారు. మాపటేల కట్ట మీద నడుస్తారు. అంతే.”

“అంతేనా? ఏడు వందల ఎకరాల నీళ్ళు పెట్టుకోని, ఊరికే చూస్తా కూచుంటారా?” మహానంది గొంతులో నిజమైన బాధ పలికింది. ఆ మాట కూడా షబీనా అటు చెప్పేసింది. అవతల నవ్వు రెట్టింపైంది.

మహానందికి తల కొట్టేసినట్టయింది. నబీసా వైపు చూడలేకపోయాడు. ఒక్క తప్పు కూడా ఉండగూడదన్నా, అని ఆ తల్లి అడిగింది. ఉన్న తప్పు చిన్నదా? పదిహేను వందల ఎకరాలు! పాయసం గిన్నె అట్లాగే పెట్టి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఇంటికి వచ్చేశాడు.

రెండు రోజులు కంప్యూటరు తెరవలేదు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క రాయీ కదల్లేదని గొప్పలు చెప్పుకున్నవాడు, కళ్ళు మూసుకుని ఊహ రాసి, దాని కింద అయిదుగురు పిల్లల సంతకాలు పెట్టించాడు. చంద్ర అనే ఆ మనిషి ఆధారం అడిగితే నీటి విలువ తెలియదని గద్దించాడు. మూడో రోజు లక్ష్మీదేవమ్మకు ఓపిక చచ్చింది.

“చెరువు మీద అలిగి కడుక్కోకపోతే కంపెవరికంట?” అంది. “తప్పు రాసినావు, దిద్దుకో. తొంగోని ఆలోచిస్తే అది దిద్దుకుంటాదా?”

సామెత సరిగ్గా చెరువు మీదే తగిలేసరికి ఆయనకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లేచి కంప్యూటరు ముందు కూర్చుంటుండగానే నబీసా వచ్చింది. ఆయన తల దించుకున్నాడు.

“నా పేరు మార్చి పిలువమ్మా. ఏం పేరు పెడ్తావో పెట్టు.”

“గమ్మునుండన్నా. హలీనమ్మ నిన్నా ఫోన్ చేసె, ఈ పొద్దూ చేసె. నీ గోధుమల సంగతి వాళ్ళ అపార్టుమెంటు మెట్లన్నీ ఎక్కి దిగి ఇల్లిల్లూ చెప్పిందంట. సైరనొస్తే అందరూ కింద గదిలో కూచుంటారు గదా, ఆడ గూడా చెప్పిందంట. ఇన్నేండ్లలో ఆ గదిలో నవ్వడం ఇదే మొదటిసారంట అన్నా. నువ్వేమో ఈడ మొగం దాచుకుంటాండావు.” నబీసా కుర్చీ లాక్కుని కూర్చుంది. “నేనియ్యాల్సింది ముట్టింది. ఇంగ నువ్వు దిద్దు, నేను చూస్తా కూచుంటా.”

ఆయన కీబోర్డు మీదికి వంగాడు. హలీనా తన ఊరి చరిత్ర పుస్తకంలో చెరువు గురించిన పేజీలు ఫొటోలు తీసి పంపింది. షబీనా చదివి చెబుతుంటే ఒక్కో వాక్యమూ రాశాడు, ఒక్కోదానికీ పుస్తకం పేరు, పేజీ నంబరు పెట్టాడు. ‘గోధుమ’ తీసేశాడు. పంచనామా తీసేశాడు. చంద్రకు ‘మీరే ఒప్పు. అడగాల్సింది అడిగారు. నన్ను మన్నించాలి’ అని రాశాడు. గంట తర్వాత చంద్ర జవాబిచ్చాడు: ‘నాదీ సీమే సార్, అనంతపురం. ఆయకట్టు లేని చెరువంటే నాకూ నమ్మబుద్ధి కాలేదు. అందుకే అడిగినా.’ అది చదివి మహానంది మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

చివరికి ఓడల బొమ్మ తీసేసి, కట్ట మీది నుంచి తీసిన చెరువు బొమ్మ పెట్టాడు. నబీసా కళ్ళు చికిలించి చూసింది.

“ఓడ లేదు. చిన్న పడవొకటి ఉండాది. ఇదైతే నిజమేనా అన్నా?”

“ఆమే పంపింది తల్లీ. నిజమే.”

నబీసా ఆ పడవను చాలాసేపు చూసింది. ఇంకెవరి బిడ్డయినా ఆ ఊర్లో ఉంటే, వాళ్ళమ్మ ఈ పొద్దు చూసుకునేది సరైన బొమ్మే, అనుకుంటూ పోయింది.

కథ అక్కడితో అయిపోయినా మహానందికి తృప్తే. కానీ మే నెలాఖరులో, బనగానపల్లె కాయలు బండ్ల మీదికి దిగి వీధంతా మామిడి వాసన కొడుతున్న రోజుల్లో, ఒక పొద్దున షబీనా ఫోను పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకే నబీసా, మెడలో టేపుతోనే.

“మామా, నీకు పంచనామా వచ్చె!”

ఫోనులో కాగితం ఫొటో. మెలికల మెలికల అక్షరాలు, కింద అయిదు సంతకాలు, అయిదూ వేరువేరు సిరాలతో. అప్పుడెప్పుడో పంచనామా అంటే ఏమిటో షబీనా ఆమెకు పూసగుచ్చినట్టు చెప్పిందట. ఆ పిల్ల గొంతు సవరించుకుని, మహానంది ఆఫీసు భాషలోనే చదివింది:

“కింద సంతకాలు చేసిన మేము అయిదుగురము, తెర్నోపిల్ నివాసులము, ఈ దినము స్వయముగా చూసి, కొలిచి, తెలియజేయునది ఏమనగా: చెరువు కట్టకు దిగువన హలీనా గారి అపార్టుమెంటు పెరట్లో మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల మడి ఒకటి ఉన్నది. అందులో పైరు చుక్కకూర. ఈ మడికి దినమునకు రెండు బకెట్ల నీరు సదరు చెరువు నుండియే మోసి పోయుచున్నారు. సంతకము చేయుటకు ముందు అయిదుగురమూ ఈ కాగితమును ఆసాంతము చదివితిమి. ఒకరు రెండుసార్లు చదివిరి.”

రెండో ఫొటోలో హలీనా. మోకాళ్ళ దాకా బూట్లు, రెండు చేతుల్లో రెండు బకెట్లు, ముందర పచ్చటి మడి. వెనక కట్ట.

మహానంది కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. “ఇంగోసారి చదువు పాపా,” అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ చదివింది. వంటింటి గుమ్మంలో లక్ష్మీదేవమ్మ గరిటె పట్టుకుని వింటూ నిలబడింది.

“మూడు ఇంటూ రెండు, ఆరు చదరపు మీటర్లు,” అన్నాడు చివరికి. “సెంటులో ఆరో వంతు గూడా రాదు.”

“అయితే ఏమన్నా, సాగు సాగే గదా. ఇప్పుడు పేజీలో రాయొచ్చా?” అంది నబీసా ఆశగా.

“రాయగూడదు. అచ్చైన పుస్తకం కాదు అది. చంద్ర ఒప్పుకోడు. నేనూ ఒప్పుకోను.”

నబీసా మొహం చిన్నబోయింది. మహానంది లేచి బీరువా తెరిచి, తన పాత చెరువుల నోటుపుస్తకం తీశాడు. రెండు వందల పదకొండో చెరువు కింద ఆరేళ్ళుగా ఖాళీగా ఉన్న వరుసలో మెల్లగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు. రాసి పుస్తకం నబీసా వైపు తిప్పి, పెన్ను చేతికిచ్చాడు.

“సాక్షి సంతకం. నువ్వే పెట్టాల.”

ఆమె సంబరంగా పెన్ను మూత తీసింది. మహానంది వరుస మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“అట్ల గాదు. ముందు చదువు.”

చెయ్యి తీశాడు. నబీసా పుస్తకం దగ్గరికి తీసుకుని, వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరమే పైకి చదివింది: “రెండు వందల పన్నెండు. తెర్నోపిల్ చెరువు. ఆయకట్టు, సెంటులో ఆరో వంతు లోపు. పైరు, చుక్కకూర.”

ఊరి పేరు దగ్గరికి వెనక్కి పోయి ఇంకొకసారి చదువుకుంది. తర్వాత సంతకం పెట్టింది.